తడి ఆరేదాకా

పోసేశాను. ఇక ఈ గదిలోంచి నేను కదలడానికి లేదు, ఎందుకంటే రెండు సీసాల్లోదీ కలిపి గిలకొట్టిన, ఆరితే అద్దంలా గట్టిపడే ఈ రెజిన్ ఒకసారి కాన్వాసు మీద పడ్డాక మన మాట వినదు, దాని మాటే మనం వినాలి, చిక్కటి తేనెలా నింపాదిగా అంచుల దాకా పాకుతుంది, పాకినంతసేపూ లోపలి గాలిని బుడగలుగా పైకి వదులుతుంది, వదిలిన ప్రతి బుడగనీ వేడిగాలి మిషనుతో కాల్చి పగలగొడుతూ ఉండాలి, ఒక్కదాన్ని వదిలేసినా ఆరాక అక్కడ పొక్కులా ఉండిపోయి ఎప్పటికీ వెక్కిరిస్తుంది. గంటసేపు. ఆ గంటా తలుపులు తెరవకూడదు, గాలి కదలకూడదు. అందుకే భోజనం కాగానే వీధి తలుపు కాలింగ్ బెల్లు బ్యాటరీ పీకి సొరుగులో పడేశాను, తలుపు మీద ఎప్పటి అట్టముక్కే, ఎప్పటి నా లావు అక్షరాలే, "తడి ఉంది. తలుపు తట్టొద్దు. లోపలికి రావద్దు" అని అంటించాను. ఈ వీధిలో వాళ్ళకి అది అలవాటే, పోస్టు మనిషి కూడా చదువుకుని పొట్లం పక్కింటి మొయిరా చేతిలో పెట్టి పోతాడు. వీధి తలుపు తెరిస్తే చాలు, గాలి ముందు గదిలోంచి వంటగదిలోకి, వంటగదిలోంచి ఈ వెనక గాజు గదిలోకి దూసుకొచ్చి ఇంట్లో దుమ్మంతా తెచ్చి నా సముద్రం మీద పోస్తుంది. ఇన్ని కట్టుదిట్టాలు చేసుకుని, ముక్కుకి ముసుగు తగిలించుకుని, మిషను చేతిలోకి తీసుకున్నానో లేదో పైన గంట మోగింది. మోగనీ.

అది మా అమ్మ గంట. ఇత్తడి దొరసాని బొమ్మ, నడుము పట్టుకుని ఊపితే గౌను కింద నాలుక కొట్టుకుంటుంది, ఎప్పుడో నాన్న చేపల వేటకి వెళ్ళి తిరిగొచ్చిన ఓ వేసవిలో క్లీథోర్ప్స్ ఒడ్డున కొనిచ్చాడు, ఆయన కొనిచ్చిన వాటిల్లో ఆమె పారెయ్యనిది ఇదొక్కటే. గ్రిమ్స్‌బీ రేవులో చేపలకి పొగబెట్టే కొట్లో బతుకంతా చేసింది, పొగలోంచి బయటికొస్తే సిగరెట్టు, సిగరెట్టు పారేస్తే మళ్ళీ పొగ, ఇప్పుడు ఊపిరితిత్తుల్లో మిగిలిందేమీ లేదు, గొంతు గుమ్మం దాటి రాదు. గొంతు పోయింది గాని నోరు పోలేదు. అందుకే గంట. ఒకసారి కొడితే టీ, రెండుసార్లు కొడితే ఒంటికో రెంటికో పక్కనున్న కుర్చీ కింద బొక్కెన, మూడుసార్లు కొడితే టీవీ చానలు, ఈ లెక్క నేనే పెట్టాను, ఆమె ఒప్పుకుంది, మా ఇద్దరి మధ్య ఈ జన్మలో కుదిరిన ఒప్పందం అదే అయ్యుంటుంది. ఇప్పుడు మోగుతున్నది ఒకటీ కాదు రెండూ కాదు మూడూ కాదు. ఆపకుండా కొడుతోంది. నేను రెజిన్ పోసే రోజుల్లో ఆమెకి ఎప్పుడూ ఏదో ఒకటి అవుతుంది, దిండు జారిపోతుంది, కాలు పట్టేస్తుంది, గోడ మీద సాలీడు కనబడుతుంది. పరుగెత్తుకుంటూ వెళ్తే నా చేతుల వంక చూస్తుంది, "అబ్బ, ఏమిటే ఆ చేతులు, చేప పొలుసులు తోమినదానిలా, నేనైనా తోమినందుకు జీతం తెచ్చాను" అంటుంది. కొట్టుకో అమ్మా, ఇవాళ నీ చెయ్యి నొప్పి పుట్టాలి గాని నా కాలు ఈ గది దాటదు.

ఎడమ మూల బుడగలు లేస్తున్నాయి, సన్నవి, ఆవగింజల్లాంటివి, మిషను వాటి మీదుగా పోనిస్తే చిటపటమని మాయమవుతున్నాయి, అది చూస్తే నాకు కడుపు నిండుతుంది, ఇంత మాట వినేవి ఈ ఇంట్లో ఇవే. మంచి కాన్వాసు ఇది, నా వెడల్పుకి రెండింతలు, మధ్యలో కుంగకుండా కింద పాత టెలిఫోను డైరెక్టరీలు పేర్చాను. గోడ పగుళ్ళు పూడ్చే ఫిల్లరులో తెల్ల జిగురు కలిపి కత్తితో అలలు తీశాను, ఒక రాత్రంతా ఆరబెట్టాను, ఆరాక చూస్తే కొన్ని అలలు మరీ పద్ధతిగా వచ్చాయి, సముద్రం అలా ఉండదు, మా సముద్రం అసలు ఉండదు, ఆటుకి ఎక్కడికో వెనక్కి పోతే మిగిలేది బురదే, అందుకని వాటిని గీకేసి మళ్ళీ తీశాను. బూడిదరంగు, దాని మీద నీలం, నీలంలో నెమలికంఠం. అలల గుంటల్లో జిగురు రాసి వెండి మెరుపుల పొడి పోశాను, అల మొన మీద పగలగొట్టిన అద్దం ముక్కలు, ఇసుక చోట లేత బంగారు శాంపేన్ రంగు పొడి, కాన్వాసుని నిలబెట్టి వెనక నుంచి తట్టితే మిగిలిందంతా కాగితం మీదికి రాలింది, పోగు చేసి డబ్బాలో పోసుకున్నాను. ఈ పొడి మాత్రం ఎంత పోగు చేసినా పోదు, నా కనుబొమ్మల్లో ఉంటుంది, వెన్న మీద ఉంటుంది, నా కూతురు జెన్నా స్కూలు స్వెట్టరు మీద ఉండేది, "మెరుపుల జెన్నా" అని పిలిచేవాళ్ళట, అదేదో నాకు ముద్దుపేరులా వినబడింది గాని అది ఏడ్చేది. ఈ సముద్రం జెన్నాదే. లీడ్స్‌లో దాని కొత్త ఫ్లాటు ఫోటో మొయిరా కూతురి ఫోనులో చూశాను, సోఫా నెమలికంఠం రంగుది, సోఫా వెనక గోడ బోసిగా ఉంది. కొలత కళ్ళతోనే తీసుకున్నాను. ఆదివారం వస్తుంది, ముందు గదిలో గోడకి ఆనించి దుప్పటి కప్పి ఉంచుతాను, టీ అయ్యాక దుప్పటి లాగుతాను. నాలుగేళ్ళ తర్వాత కూతురు గుమ్మం తొక్కుతుంటే ఉత్త చేతుల్తో ఎదురు వెళ్ళగలనా, మాటలు నాకు రావు, నాకు వచ్చేది ఇదే.

ఇంకా కొడుతూనే ఉంది. వంటగది తలుపు మూసే ఉంది, ఈ గది తలుపు మూసే ఉంది, మిషను రొద ఉంది, అయినా ఆ ఇత్తడి దొరసాని గోల నా పళ్ళలోకి దిగుతోంది. నాలుగేళ్ళ కిందట కూడా పళ్ళలోకే దిగింది ఆమె మాట. అప్పుడు ఆమెకి గొంతుండేది. జెన్నాకి కడుపు పోయి పదిరోజులు కాలేదు, మొహం పాలిపోయి, నా వంటగదిలో ఆ కుర్చీలోనే కూర్చుంది, నేను కెటిల్ పెట్టాను, మా అమ్మ అప్పుడే ఈ ఇంటికి చేరింది, జెన్నా గదే ఆమెకిచ్చాను, కిందా పైనా కలిపి ఉన్నవి రెండు పడక గదులు, ఇంకెక్కడ పెట్టను. అమ్మ బిస్కెట్టు టీలో ముంచుకుంటూ, "పోతే పోయింది, ఒకందుకు మంచిదే, నీలాంటిదాని చేతిలో బిడ్డ బతుకుతుందా, పిల్లినే చంపుకున్నావు" అంది. పిల్లి చచ్చింది లారీ కింద పడి, జెన్నాకి అప్పుడు పన్నెండేళ్ళు. జెన్నా నా వైపు చూసింది. అమ్మ వైపు కాదు, నా వైపు. నేనేమనాలి. "అమ్మమ్మ మాటలకేంలే, టీ తాగు, చల్లారిపోతుంది" అన్నాను. అంతకంటే ఏమంటారు ఎవరైనా, ఇద్దరూ నావాళ్ళే, ఒకరి నోరు మూయించాలంటే నేనూ మా అమ్మలా ఇంకొక మేవిస్‌ని కావాలి. జెన్నా కప్పు అలాగే వదిలేసి కోటు తొడుక్కుంది. "అది ఈ ఇంట్లో ఉన్నన్నాళ్ళు నేను ఈ గుమ్మం ఎక్కను" అంది, అమ్మమ్మని అది అని. ఆ మాట దగ్గర నాకూ ఒళ్ళు మండింది, పెద్దదాన్ని పట్టుకుని అది అంటుందా అని, అందుకే వెనకాల వెళ్ళలేదు. తర్వాత వెళ్దామనుకున్నాను. క్రిస్మసుకి కార్డు పంపాను, దాని మీద మెరుపులు చల్లాను, జవాబు లేదు. పుట్టినరోజుకి కప్పుల కింద పెట్టుకునే కోస్టర్లు పోసి పంపాను, లేదు. అమ్మ మాత్రం ఎంచక్కా జెన్నా మంచం మీద జెన్నా పరుపులో గుంట చేసుకుని పడుకుంది, నాలుగేళ్ళు, డాక్టరు వచ్చిన ప్రతిసారీ "గుండె గట్టిది" అని చెప్పి పోతాడు, నాకది తిట్టులా వినబడుతుంది.

అందుకే రాశాను. కిందటి నెల కూర్చుని ఫోనులో రాశాను, అమ్మమ్మ ఇక ఈ ఇంట్లో లేదు, ముసలివాళ్ళ హోముకి పంపేశాను, ఇక రాదు, నీ గది ఖాళీగా ఉంది, అని. ఇది పూర్తిగా అబద్ధం కాదు. రేపు శుక్రవారం, రేపు పొద్దున బండి వస్తుంది, చూసుకునేవాళ్ళకి వారం రోజుల విశ్రాంతి అని ఊరి చివర హోములో ఒక మంచం ఇస్తారు, రేపటి నుంచి వారం పాటు అమ్మ అక్కడ ఉంటుంది. ఆదివారం జెన్నా వచ్చేసరికి ఆ గదిలో పరుపు మారుస్తాను, కిటికీలు తెరుస్తాను, మందు వాసన పోతుంది, బొక్కెన కుర్చీ మొయిరా షెడ్డులో దాస్తాను. ఒక్కసారి ఈ గుమ్మం ఎక్కితే, ఒక్కసారి దుప్పటి లాగి ఈ సముద్రం చూస్తే, తర్వాత సంగతి తర్వాత. ఆ వారంలో హోమువాళ్ళని బతిమాలి ఉంచేయొచ్చు, లేదా ఆ వారంలో ఇంకేదైనా జరగొచ్చు, మంచం మారితే ముసలివాళ్ళు తట్టుకోరని అంటారు. జెన్నా రెండు మాటల్లో జవాబిచ్చింది, "ఆదివారం వస్తా" అని. ఆ రెండు మాటల్ని ఎన్నిసార్లు చదువుకున్నానో చెప్తే నవ్వుతారు. అమ్మకి హోము సంగతి ఇంకా చెప్పలేదు, రేపు కోటు తొడిగేటప్పుడు చెప్తాను, ముందే చెప్తే ఈ వారమంతా గంటే.

టప్. ఇదేమిటి, టప్, టప్, ఇది గంట కాదు, చెప్పు, చెప్పుతో నేలని కొడుతోంది, కింద ముందు గదిలో సున్నం రాలేలా. గంటా చెప్పూ కలిపి. సరిగ్గా ఇలాంటి పొగరే ఆమెకి మొదటి నుంచీ, నాన్న చచ్చిపోయిన రోజు కూడా ఎవరి మాటా వినబడకుండా రేడియో పెట్టింది. కొట్టు. బొక్కెన కావాలా, పక్కనే ఉంది, జరుగు. నీళ్ళు కావాలా, గ్లాసు నిండా పెట్టాను. పక్క తడుపుకున్నావా, తడుపుకుంటే తడుపుకో, తడి ఆరేదాకా ఆగడం ఈ ఇంట్లో అందరూ నేర్చుకున్నారు, నువ్వూ నేర్చుకో. ఈ కోపంలో మిషను మరీ దగ్గరికి పెట్టానేమో, కుడి పక్క రెజిన్ ముడత పడబోయింది, వెంటనే ఎత్తేశాను, సర్దుకుంది, అమ్మయ్య.

నెత్తిన గాజు కప్పు మీద సన్నగా చప్పుడు మొదలైంది, వాన. వానొస్తే గదిలో తేమ పెరుగుతుంది, తేమ పెరిగితే రెజిన్ పాలవిరుగుడులా తెల్లబడుతుంది, హీటరు ఇంకొక మెట్టు పెంచాను. వాన మొదలైతే నాకు జెన్నా గుర్తొస్తుంది, అప్పట్లో ఈ పెద్ద కాన్వాసులు లేవు, సంతలో అమ్మడానికి రెజిన్‌లో ఎండుపూలు పెట్టి బిళ్ళలు పోసేదాన్ని, ఇదే గదిలో, తలుపు మీద ఇలాగే అట్టముక్క అంటించి. అది స్కూలు నుంచి వచ్చి అట్ట చదువుకుని మెట్టు మీద కూర్చునేది. ఎంత బుద్ధిమంతురాలో. తలుపు తట్టేది కాదు, గొడవ చేసేది కాదు, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది, వాన పడుతుంటే సంచీ నెత్తిన పెట్టుకునేది. మొయిరా ఒకసారి "పిల్ల తడిసి ముద్దయింది లినెట్, లోపలికి పిలవరాదా" అంటే, "ఆరేదాకా ఆగాలని దానికి తెలుసు" అన్నాను, అది కూడా మొయిరాకి చెప్పింది, "అవును, ఇంకా తడి ఆరలేదు" అని, ఎనిమిదేళ్ళ పిల్ల. మొయిరా మొహం మాడిపోయింది. నాకు ఎంత గర్వమేసిందో. లోపలికి వచ్చాక ఆ రోజు బాగా వచ్చిన బిళ్ళ దాని చేతిలో పెట్టేదాన్ని, చలికి నీలంగా ఉన్న వేళ్ళతో తిప్పి తిప్పి చూసి "బుడగల్లేవు" అనేది. అదొక్కటే దానికి తెలిసిన పొగడ్త. ఆదివారం కూడా అంటుందేమో. అంటే చాలు నాకు, క్షమించమని కూడా అడగను, అది కూడా అడగక్కర్లేదు.

ఆగింది. గంట ఆగింది, చెప్పు కూడా ఆగింది. మిషను కట్టేసి విన్నాను. వాన, హీటరు బుసబుస, అంతే. ఏదో జరిగింది. ఇంతసేపూ ఆపకుండా కొట్టి ఒక్కసారిగా ఆగింది, ఆమె ఎప్పుడూ అలా ఆగదు, అలిసిపోతే చివర్లో ఒకటీ అరా కొట్టి తిట్టుకుంటూ ఆగుతుంది. ఊపిరి అందక కొట్టిందేమో, ముక్కుకి పెట్టిన ఆక్సిజన్ గొట్టం ఊడిపోయిందేమో. అయితే ఆ కొట్టడం సాలీడుకి కాదు. లేచాను, తలుపు గడియ మీద చెయ్యి వేశాను, వేసి ఆగాను. కాన్వాసు వైపు చూశాను, మధ్యలో ఇంకో విడత బుడగలు పైకి వస్తున్నాయి, ఇదే ఆఖరి విడత, ఇవి పోతే అయిపోయినట్టే. మళ్ళీ కూర్చున్నాను. ఒకవేళ ఆమె పోయే ఉంటే ఇప్పుడు పరుగెత్తి చేసేదేమీ లేదు, పోకపోతే కాసేపు ఆగినంత మాత్రాన పోదు. ఇలా లెక్క తేలాక మనసు తేలికైంది, నిజం చెప్తున్నాను, సంతోషంగానే ఉంది, పోయి ఉంటే నేను జెన్నాకి రాసిన మాట నిజమైపోతుంది, అమ్మమ్మ ఇక ఈ ఇంట్లో లేదు, ఇక రాదు. అబద్ధం దానంతటదే కడుక్కుపోతుంది. ఆదివారం నల్లబట్టల్లో ఎదురెళ్ళనా, జెన్నా నన్ను పట్టుకుంటుందా, ముసలిదాని కోసం ఏడవదు గాని నా కోసం పట్టుకుంటుంది. అంత్యక్రియలకి హ్యామ్ శాండ్‌విచ్‌లు చాలు, రేవు వైపు నుంచి వచ్చేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. బుడగలు కాల్చాను, ఒక్కొక్కటీ, తొందరపడలేదు, వంగి ఒక కన్ను మూసి దీపానికి ఎదురుగా చూశాను, అద్దంలా ఉంది, అలల కింద వెండి కదులుతున్నట్టే ఉంది, ఒక్క పొక్కు లేదు, ఒక్క వెంట్రుక లేదు. ఇంత బాగా నేనెప్పుడూ చెయ్యలేదు. పెద్ద ప్లాస్టిక్ మూత రెండు చేతుల్తో ఎత్తి, దుమ్ము పడకుండా కాన్వాసు మీద బోర్లించి, ముసుగు తీసి, చేతులు తుడుచుకుని, అప్పుడు మెట్లెక్కాను.

గది తలుపు తెరవగానే చల్లటి గాలి మొహాన కొట్టింది, వీధి వైపు కిటికీ తెరిచి ఉంది, నాకు మొదట తట్టింది దుమ్మే. అమ్మ బతికే ఉంది. కిటికీ పక్క కుర్చీలో గడియ పట్టుకుని వంగిపోయి ఉంది, పెదాలు నీలంగా ఉన్నాయి, ముక్కు గొట్టం మెడలో వేలాడుతోంది, ఒక చెప్పు కాలికి, ఒక చెప్పు ఒళ్ళో. గొట్టం సరిచేశాను. ఊపిరి అందేదాకా నన్నే చూస్తూ కూర్చుంది.

"ఆరిందా," అంది.

"ఏం కావాలి. టీనా, బొక్కెనా."

"నాకేం వద్దు. నీ కూతురొచ్చింది."

"ఆదివారం వస్తుంది," అన్నాను, అని నాలుక కరుచుకున్నాను, ఆమెకి ఆదివారం సంగతి తెలియదు.

"ఆదివారం సంగతి నాకేం తెలుసు. ఇవాళొచ్చింది. ఆకుపచ్చ కోటు. జుట్టు పొట్టిగా కొట్టించుకుంది, బాలేదు. గేటు దగ్గర కాసేపు తచ్చాడింది, తర్వాత తలుపు దాకా వచ్చి నువ్వంటించింది చదువుకుంది. చదువుకుని మెట్టు మీద కూర్చుంది."

"అబద్ధం చెప్తున్నావు."

"సరే, అబద్ధమే. మోకాళ్ళు ఇలా దగ్గరికి లాక్కుని కూర్చుంది, చిన్నప్పుడు కూర్చునేది చూడు, అలా. వానొచ్చినా లేవలేదు. ఇంత వయసొచ్చినా తలుపు తట్టలేదు, బాగా పెంచావు." దగ్గు వచ్చింది, ఆగింది. "గంట కొట్టాను. చెయ్యి పడిపోయేలా కొట్టాను. చెప్పుతో కొట్టాను. నీకు చెవులుంటే కదా. ఇంక లాభం లేదని ఈ గడియ తోశాను, దీంతోనే నా ప్రాణం పోయేది. తలెత్తి చూసింది నన్ను."

చూసి ఏమంది అని అడిగాను.

"'నువ్వు ఇక్కడే ఉన్నావా, నిన్ను హోముకి పంపేశానని అమ్మ రాసింది' అంది. లేనని ఎలా చెప్పను, ఉన్నాను మరి."

"ఇంకేమంది."

"నవ్వింది. అంతలో వాన వెలిసింది, లేచి కోటు దులుపుకుని వెళ్ళిపోయింది. బస్సెక్కేదాకా చూశాను, నువ్వు మెట్లెక్కుతున్నప్పుడే కదిలింది బస్సు. వెనక్కి చూస్తుందేమోనని చూశాను. చూడలేదు. ఆ నవ్వు నాదే దానికి, నీది రాలేదు." దొరసాని గంటని కిటికీ గట్టు మీద నిలబెట్టింది, మెల్లిగా, గౌను సర్దుతున్నట్టు. "ఇంతకీ నన్నెప్పుడు పంపుతున్నావు?"

"రేపు."

"ఓహో. రేపటిది అప్పుడే చెప్పేశావన్నమాట."

నాకు ఆమె పీక పిసికెయ్యాలనిపించింది, నా పీక కూడా. మా అమ్మ బతుకంతటిలో నా కోసం చేసిన మంచిపని ఇదొక్కటే, ప్రాణం మీదికి తెచ్చుకుని చేసింది, ఆ పనినే నేను కింద కూర్చుని తిట్టాను, ఆ పని ఆగిపోయినప్పుడు శవానికి ఎన్ని శాండ్‌విచ్‌లు కావాలో లెక్కేశాను. ఆమెకి ఈ సంగతి తెలిస్తే నవ్వుతుంది. నేను చెప్పను. ఫోను తీసి జెన్నాకి చేశాను, మోగి మోగి ఆగిపోయింది, రెండోసారి మోగనే లేదు. ఏమని చెప్పేదాన్ని, ఆ అట్ట నీకు కాదు అని చెప్పేదాన్నా, ఎవరికి మరి, పోస్టు మనిషికా. ఇరవై ఏళ్ళుగా ఆ అట్ట దానికే, ఆ మెట్టు మీద దాన్ని కూర్చోబెట్టింది నేనే. ఇవాళ అది గుమ్మం దాకా వచ్చింది, అమ్మమ్మ లేదన్న నా మాట నమ్మి వచ్చింది, ఆదివారం దాకా ఆగలేక వచ్చింది, నేను గోడకి ఇవతల దాని కోసం బుడగలు కాలుస్తూ కూర్చున్నాను. కిందికి దిగాను, ఎలా దిగానో తెలియదు, వీధి తలుపు బార్లా తెరిచాను. వీధి ఖాళీగా ఉంది. బస్సు స్టాపు దగ్గర ఎవరూ లేరు. తలుపు మీద నా అట్ట అలాగే ఉంది, కింది అంచు తడిసి అక్షరాలు కారుతున్నాయి. తల దించితే మెట్టు కనబడింది. మెట్టంతా వానకి తడిసి నల్లగా ఉంది, మధ్యలో మనిషి కూర్చున్నంత మేర మాత్రం తెల్లగా, పొడిగా ఉంది.

అమ్మ అబద్ధం చెప్పలేదు. వాన మళ్ళీ అందుకుంది, నేను చూస్తుండగానే ఆ పొడిచోటు మీద ఒక చుక్క పడింది, పక్కనే ఇంకొకటి, అంచులు లోపలికి తింటూ వస్తున్నాయి, ఇంకాసేపైతే అదీ ఉండదు, ఇక్కడ నా కూతురు కూర్చుందని చెప్పేది ఏదీ మిగలదు. వెనక్కి పరుగెత్తాను, తలుపులన్నీ తెరిచి పెట్టే, ముందు గది, వంటగది, గాజు గది, సముద్రం మీద నుంచి మూత పీకి ఎత్తాను, దాని కింద ఏమవుతుందో చూడలేదు, ఇంటి గాలంతా నాకు ఎదురొస్తోంది, దుమ్మూ వెంట్రుకలూ మెరుపుల పొడీ నన్ను దాటుకుని ఆ తడి మీదికే పోతున్నాయి, పోనీ. మూతని అడ్డంగా తిప్పి గుమ్మాలు దాటించి తెచ్చి మెట్టు మీద బోర్లించాను. ఆ పొడిచోటు సరిగ్గా మూత కిందికి వచ్చింది. వాన మూత మీద పడుతోంది. లేచిపోతుందేమోనని వానలో మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతుల్తో అంచులు నొక్కి పట్టుకున్నాను. పై కిటికీ ఇంకా తెరిచే ఉంది. అమ్మ ఊపిరి కూడదీసుకుంటున్న చప్పుడు నాకు వినబడింది, తర్వాత ఆమె గొంతు, సన్నగా, తీరిగ్గా.

"ఏమే లినెట్, అదీ ఆరాలా?"